సోల ఉప్పు: తడిసిన ఉత్తరాల డైరీ

సెప్టెంబర్ 12, 2024

నిన్న మా ఆయనా నేనూ విజయవాడ సింగ్‌నగర్ వెళ్లి చిన్నత్తయ్య ఇల్లు కడిగొచ్చాం. కడగడమంటే ముందు పారతో బురద ఎత్తడం, ఆ తర్వాతే బకెట్లూ చీపుళ్లూ. ఒకటో తారీకు ఆదివారం బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు ఎదురింటివాళ్లు ఆవిణ్ణి వాళ్ల మేడ మీదికి ఎక్కించుకున్నారు. నాలుగో రోజు పడవలో బయటికొచ్చింది. అప్పట్నుంచీ గుంటూరులో మా దగ్గరే ఉంటోంది.

మేం బయల్దేరుతుంటే ఆవిడ చెప్పింది ఒకటే మాట. "బీరువా పోతే పోయిందిలేరా. మంచం కింద ట్రంకుపెట్టె ఉంటుంది, అది చూడు."

బంగారం దాచిందేమో అనుకున్నారు మా ఆయన. మూత తుప్పుతో బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో లేపితే లోపల బురదనీళ్లు, ఆ నీళ్లలో ఇటుకలంత నాలుగు కాగితాల ముద్దలు, అడుగున ఒక ఇత్తడి సోల, అంటే పాతకాలపు కొలపాత్ర. పై కాగితం మీద నీలంగా అలుక్కుపోయిన నాలుగు అక్షరాలు చూడగానే నాకు తెలిసిపోయింది. మా అత్తయ్య చేతిరాత. ఆవిడ పోయి ఐదేళ్లయింది.

చిన్నత్తయ్య మాకు చుట్టం కాదు, అత్తయ్య స్నేహితురాలు. మా ఆయన పిన్నీ అని పిలుస్తారు కాబట్టి నాకు చిన్నత్తయ్య. వీళ్లిద్దరూ 1974 నుంచి 1998 దాకా ఉత్తరాలు రాసుకున్నారు. గుంటూరుకీ విజయవాడకీ మధ్య ఎంత దూరమని? బస్సెక్కితే గంట, గంటన్నర. అయినా రాసుకున్నారు, అదీ ఎక్కువగా వంటల గురించే.

అనుకున్న పని ఇది: రెండు వైపుల ఉత్తరాలూ తారీకుల వరసలో పెట్టాలి, ఫోటోలు తియ్యాలి, టైపు చెయ్యాలి. సంక్రాంతికల్లా అయిపోతుందని మా ఆయనతో అన్నాను.

సెప్టెంబర్ 14

మా కాలేజీ లైబ్రేరియన్‌కి ఫోన్ చేస్తే మొదటి మాటే, "ముద్దల్ని విడదీశావా?" అని అడిగింది. లేదంటే "బతికించావు" అంది. నీళ్లలో మునిగి ఉన్నంతసేపు కాగితానికి బూజు పట్టదట. గాలి తగిలాక రెండు రోజుల్లో మొదలవుతుందట. ఒక్కసారిగా అన్నీ ఆరబెట్టలేం కాబట్టి మూడు ముద్దలు కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టమంది. చల్లదనానికి బూజు ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు ఒక్కోటి తీసుకోవచ్చు.

ఫ్రీజర్‌లో బఠానీల పొట్లాలు తీసేసి చోటు చేశాను. చిన్నత్తయ్య వంటింట్లోకి వచ్చి చూసి, "మీ అత్తకి చలంటే పడదు" అని వెళ్లిపోయింది.

నాలుగో ముద్దతో మొదలుపెట్టి పెద్ద తప్పు చేశాను. కాగితాల మధ్య పాత న్యూస్‌పేపర్లు పెట్టి పైన బరువు పెట్టాను. పొద్దున తీసి చూస్తే 1983 నాటి ఇన్లాండ్ లెటర్ మీద మొన్నటి వరద వార్త అచ్చు తిరగబడి దిగింది. అద్దంలో పెట్టి చదివితే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారని. ఇప్పుడు మా ఆయన పాత తెల్ల పంచెలు ముక్కలు చేసి వాడుతున్నాను.

సెప్టెంబర్ 22

మొదటి ముద్దలో 31 ఉత్తరాలు విడివడ్డాయి. పని వేగం గంటకి మూడు. పలచటి చాకుకి బదులు లైబ్రేరియన్ చెప్పినట్టు వెదురు పుల్ల అరగదీసి వాడుతున్నాను. మూల దగ్గర మొదలుపెట్టి, కాగితం తనంతట తాను వదిలే దాకా ఆగాలి. తొందరపడ్డ రెండు చోట్ల పై పొర ఊడొచ్చింది.

చెడ్డ వార్త సిరా గురించి. అత్తయ్య రాజమండ్రి రత్నం పెన్నుతో రాసేది. ఇంటికొచ్చిన వాళ్లకి కూడా ముట్టుకోనిచ్చేది కాదు ఆ పెన్నుని. నీళ్లకి కరిగిపోయే నీలం సిరా. పది రోజులు నీళ్లలో ఉంటే ఇంకేం మిగులుతుంది? ఉజాలా పెట్టిన గుడ్డల్లా ఉన్నాయి కాగితాలు. పోస్టాఫీసు ముద్రలు మాత్రం నల్లగా, నిక్షేపంగా ఉన్నాయి. ఏ రోజు ఎక్కడ పోస్టు చేసిందో తెలుస్తోంది, ఏం రాసిందో తెలియట్లేదు.

ఒక్కటి మిగిలింది. అంచుల మీద పెన్సిలుతో వేసుకున్న కొలతలు. వంటింట్లో నిలబడి లెక్క రాసుకోవడానికి పొయ్యి గట్టు మీద పెన్సిలు ముక్క ఒకటి ఉండేది ఆవిడకి, నాకు గుర్తే. పెన్సిలు గీత నీళ్లకి పోదు. కాబట్టి ఇప్పుడు నా దగ్గర మాటల్లేని కొలతలున్నాయి. "ఉ సో 1, చిం అర, మెం గి 1." ఉప్పు సోల ఒకటి, చింతపండు అర, మెంతులు గిద్దెడు అయ్యుంటాయి. ఏ వంటకో రాయలేదు.

అక్టోబర్ 6

ఇటువైపు పరిస్థితి బాగుంది. చిన్నత్తయ్య రాసినవన్నీ బ్రాడీపేట ఇంట్లో అటక మీద, ఇనప తీగకి గుచ్చి ఉన్నాయి. అడుగున చెక్క బిళ్ల, పైన కొక్కెం, అప్పట్లో ప్రతి ఇంట్లో ఉండేదే. మొత్తం 163. అన్నీ బాల్‌పెన్నుతో రాసినవే కాబట్టి అవి తడిసినా పెద్దగా పోయేవి కావు. ప్రతి ఉత్తరానికీ నడుమ ఒక చిల్లు, ఆ చిల్లులో ఒక అక్షరం గల్లంతు. టైపు చేసేటప్పుడు ఆ అక్షరం ఏమయ్యుంటుందో ఊహించి పెడుతున్నాను. ఒకచోట "కా_ం" అని ఉంది. కారమా, కాయమా? కాయమంటే పురిటి మందు. తర్వాతి వాక్యం చదివితే గానీ తేలలేదు. కారమే.

తీగకి అట్టడుగున మొదటి కార్డు. మార్చి 1974. అత్తయ్య ఒక వారపత్రికకి పండుమిరపకాయల పచ్చడి రాసి పంపితే, పేరూ ఊరూ పేటతో సహా అచ్చయిందట. అది చదివి విజయవాడ వన్‌టౌన్ నుంచి ముక్కూ మొహం తెలియని మనిషి రాసింది:

"అమ్మా, నమస్కారం. మీరు రాసిన ప్రకారం పచ్చడి పెట్టాను. వీశె పళ్లకి సోల ఉప్పు అన్నారు. అది అచ్చుతప్పా, లేక మీ ఇంట్లో అంత ఉప్పు తింటారా? దయచేసి తెలుపగలరు."

ఇరవై నాలుగేళ్ల పిల్ల రాసిన కార్డు ఇది. అత్తయ్య జవాబు పెట్టెలో ఉండాలి, నీలం మరకగా. కానీ చిన్నత్తయ్య రెండో కార్డు చూస్తే జవాబేమిటో ఊహించొచ్చు: "మీ సోల ఎంతదో కనుక్కోకుండా నా సోలతో కొలవడం నా పొరపాటే అన్నారు. కొలత రాసినవారిదా పొరపాటు, కొలిచినవారిదా? మా వారు మీదే అంటున్నారు." మూడో కార్డుకి గొడవ చల్లారింది. నాలుగో దాంట్లో ఉలవచారు సంగతి వచ్చింది: పశువులకి ఉడకబెట్టిన ఉలవల నీళ్లే మరిగించి చిక్కబరిస్తే ఎంత రుచో మీ గుంటూరు వాళ్లకి ఏం తెలుసండీ అని.

సంబోధనలు వేరే కాగితం మీద రాసుకుంటూ వస్తున్నాను. 1974లో "అమ్మా". 1975లో "అక్కయ్యగారికి". ఆ ఏడాది చివర్లో "అక్కయ్యగారూ, మీ సోల అందింది". అంటే అత్తయ్య వాదించి లాభం లేదని తన సోలనే బస్సులో పంపించేసింది! పెట్టె అడుగున దొరికింది అదే.

ఇవాళ రాత్రి వరస తప్పి తీగ పై కొసన ఉన్నవి కొన్ని తీశాను. ఆగస్టు 29, 1995. మా పెళ్లయిన మూడు నెలలకి రాసింది.

"కొత్త కోడలి చారు గురించి నువ్వు రాసింది చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. అయినా అంత మాట అనకే అక్కా, చిన్నపిల్ల."

ఎంత మాట?

అక్టోబర్ 7

చిన్నత్తయ్యని అడిగాను. "ముప్ఫై ఏళ్ల నాటి మాట ఎవరికి గుర్తమ్మా" అంది. ఈవిడకి 1974లో ఎన్ని పళ్లకి ఎంత ఉప్పు పడిందో గుర్తుంది.

నవంబర్ 19

దసరా తర్వాత చిన్నత్తయ్య ఇంటికెళ్లిపోయింది. గోడలకి సున్నం వేయించాం, మంచం కొత్తది.

ఇవాళ టైపు చేసినవి కావాలని తారీకు చూసి చేశాను. నలభై ఏడేళ్ల కిందట ఇదే రోజు దివిసీమ ఉప్పెన. చిన్నత్తయ్య పుట్టిల్లు నాగాయలంక వైపు. ఆ నెలలో ఒకే కార్డు ఉంది, రెండు వాక్యాలు. "మా ఊరు లేదు. నాన్న, తమ్ముడు దొరకలేదు." సంబోధన లేదు, కింద సంతకం లేదు. అశుభం కబురు రాసిన కార్డు ఇంట్లో ఉంచకూడదు, చదవగానే చించెయ్యాలి. అత్తయ్య చించలేదు, తీగకీ గుచ్చలేదు. ఆ ఒక్క కార్డుకే చిల్లు లేదు. రెండు ఇన్లాండ్ల మధ్య దాచి ఉంది.

అప్పటికి మూడున్నరేళ్లుగా రాసుకుంటున్నారు, ఒక్కసారీ కలవలేదు. కార్డు అందిన రోజే అత్తయ్య బస్సెక్కిందని మా ఆయనకి లీలగా గుర్తు, అప్పుడాయనకి తొమ్మిదేళ్లు. కృష్ణ మీద కనకదుర్గ వారధి లేని రోజులు. బ్యారేజీ మీదుగా వెళ్లి, వన్‌టౌన్‌లో ఇల్లు వెతుక్కుని, చేతిలో క్యారియర్‌తో గుమ్మంలో నిలబడిందట. మైల ఇంట పొయ్యి వెలగదు కాబట్టి అన్నం పట్టుకెళ్లింది. అన్నమూ చారూ, అంతే.

డిసెంబర్‌లో చిన్నత్తయ్య రాసింది. "ఆ వారంలో ఏం తిన్నానో నాకు తెలియదు, నువ్వు కలిపి పెట్టిన చారన్నం తప్ప." అంతకుముందు ఉత్తరం దాకా "మీరు". ఇక్కణ్ణుంచి "నువ్వు". మళ్లీ ఎక్కడా మారలేదు.

సాయంత్రం ఫోన్ చేసి ఇంకో ఉత్తరంలో చదవలేని ముక్క గురించి అడిగాను. ఈ కార్డు ఊసెత్తలేదు.

డిసెంబర్ 8

నాకో సిద్ధాంతం తట్టింది. పోస్టుకార్డు అందరూ చదువుతారు. పోస్ట్‌మాన్ చదువుతాడు, పక్కింటావిడ చదువుతుంది, అత్తగారికి ఎవరో చదివి వినిపిస్తారు. కాబట్టి వీళ్లు వంటల పేరుతో వేరే సంగతులు రాసుకునేవాళ్లేమో. "ఈ వారం ఉప్పు ఎక్కువైంది" అంటే ఇంట్లో గొడవ. "పాలు విరిగాయి" అంటే ఇంకేదో. ఇలాంటివి పదిహేడు ఏరి, వాటి పక్కన ఆయా తారీకుల్లో మా కుటుంబంలో జరిగినవి రాసుకుని, ఆదివారం పనిగట్టుకుని సింగ్‌నగర్ వెళ్లాను.

చిన్నత్తయ్య కళ్లజోడు పెట్టుకుని జాబితా అంతా చదివింది. "ఉప్పు ఎక్కువైందంటే ఉప్పు ఎక్కువైందనేనమ్మా. పాలు విరిగితే విరిగాయని రాశాం. మాకంత తెలివి ఎక్కడిది?"

టీ తాగి లేవబోతుంటే మాత్రం అడిగింది, "ఇన్లాండ్లకి రెక్కలున్నాయా, చూశావా?"

ఇంటికొచ్చి చూశాను. తీగ మీద 58 ఇన్లాండ్లు. 22 వాటికి అతికించే రెక్క లేదు. ఇన్నాళ్లూ ఎలక కొరికిందనుకున్నాను. అంచు చూస్తే తిన్నగా, గోటితో మడత రుద్ది చింపినట్టుంది. ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది. అందరూ వినదగ్గది కాగితం మీద, తమకి మాత్రమే కావలసింది లోపలి రెక్క మీద రాసుకునేవారట. ఉత్తరం రాగానే రెక్క చింపి, మిగతాది మరిదికిచ్చేదట. ఆయన అత్తగారికి పైకి చదివి వినిపించేవాడు.

"ఆ రెక్కలేం చేశారు?"

"పొయ్యిలో."

అత్తయ్య కూడా అదే చేసిందన్నమాట. వరద తీసుకుపోయిన దానికన్నా వీళ్లు పొయ్యిలో వేసిందే ఎక్కువ.

జనవరి 19, 2025

సంక్రాంతికల్లా అయిపోతుందన్నది నేనే. ఇప్పటికి తీగ మీదివి 120 టైపయ్యాయి, ఫ్రీజర్‌లో రెండు ముద్దలు అలాగే ఉన్నాయి. ఈ నెలలో టెన్షన్ పెట్టిన పని సీసాల లెక్క.

ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా. అందుకని ఈ సీసాలు పాతికేళ్లు తిరుగుతూనే ఉన్నాయి. గుంటూరు నుంచి గోంగూర, కందిపొడి, చల్లమిరపకాయలు వెళ్తే విజయవాడ నుంచి ఉలవచారు, నూజివీడు చిన్నరసాలు, ఎవరో బందరు వెళ్లొస్తే లడ్డు. బస్టాండ్‌లో కండక్టర్ చేతికిచ్చి, బస్సు నంబరు ముందురోజే కార్డు మీద రాసేవారట. ముందురోజు వేసిన కార్డు మర్నాడు చేరిపోయేది! 1981లో మంగళగిరి దాటాక గోంగూర సీసా మూత ఊడి నూనంతా కండక్టర్ చొక్కా మీద పడింది. ఆయన కోసం చిన్నత్తయ్య కొత్త చొక్కా గుడ్డ కొంది. ఆ గుడ్డ డబ్బుల్లో సగం అత్తయ్య మనియార్డర్ చేస్తే చిన్నత్తయ్యకి కోపమొచ్చి మూడు వారాలు ఉత్తరం రాయలేదు. ఈ ఇద్దరి మధ్య నాకు కనిపించిన ఒకే ఒక్క పోట్లాట అది, మొదటి కార్డు పోట్లాట తీసేస్తే.

ఫిబ్రవరి 9

రైతుబజార్లో పండుమిరపకాయలు దిగాయి. వీశె పళ్లు, సోల ఉప్పు. అత్తయ్య సోల నా దగ్గరుంది. ఇక చూసుకోవడమే.

కిలో నాలుగు వందల గ్రాములు తూయించాను, సుమారుగా అదే వీశె. తొడిమలతోనే కడిగి, తెల్లగుడ్డ మీద నీడన ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే తొడిమలు తీశాను. ముందే తీస్తే కాయలోకి నీళ్లు దిగి పచ్చడి పాడవుతుంది. ఇది చిన్నత్తయ్య 1976 ఉత్తరంలో ఉంది, అత్తయ్యకే పాఠం చెప్పినట్టు. సోల నిండా ఉప్పు తలకొట్టి పోశాను. చింతపండు, పసుపు కలిపి మిక్సీలో కచ్చాపచ్చాగా తిప్పి జాడీకెత్తాను. చేతుల మంటకి కొబ్బరినూనె రాసుకుని రాత్రంతా కూర్చున్నాను.

ఫిబ్రవరి 12

మూడో రోజు జాడీ తీసి మెంతిపిండి వేసి మళ్లీ తిప్పాను. రుచి చూస్తే ఉప్పుకషాయం. నోట్లో పెట్టుకోలేం. మా ఆయన ఏమీ అనకుండా పెరుగు కలుపుకున్నారు.

1974లో చిన్నత్తయ్య రాసిన మాటే నేనిప్పుడు అనాలి. కానీ సోల మారలేదు, అత్తయ్యదే. మరి?

ఫిబ్రవరి 16

వంటింట్లో తక్కెడ పెట్టి కూర్చున్నాను. అత్తయ్య సోలకి 405 గ్రాముల నీళ్లు పట్టాయి. చిన్నత్తయ్య సోల వాళ్ల అటక మీద దొరికింది, అక్కడిదాకా నీళ్లు ఎక్కలేదు. దానికి 470. అంటే 1974లో ఆవిడ దాదాపు ఆరో వంతు ఉప్పు ఎక్కువ వేసింది. యాభై ఏళ్ల తర్వాత తీర్పు: తప్పు సోలది.

నా తప్పు వేరు. నేను పోసింది ప్యాకెట్‌లో వచ్చే మెత్త ఉప్పు. అదే సోలలో మెత్త ఉప్పు 490 గ్రాములు తూగింది. కళ్లుప్పు పోసి తూస్తే 380. రాళ్ల మధ్య గాలి ఎక్కువ, మెత్త ఉప్పులో సందు తక్కువ. అత్తయ్య రోజుల్లో "ఉప్పు" అంటే కళ్లుప్పే కాబట్టి విడిగా రాయాలని ఎవరికీ తోచలేదు. పండ్ల బరువులో నాలుగో వంతుకి కాస్త పైన ఉప్పు, అదీ లెక్క. అంతకన్నా బాగా తగ్గిస్తే పొంగు వస్తుంది.

రెండోసారి పెట్టాను. వెల్లుల్లి, ఇంగువ తాలింపుతో వేడన్నంలోకి. మా ఆయన మూడు ముద్దలయ్యాక, "మా అమ్మది ఇంకొంచెం పుల్లగా ఉండేది" అన్నారు. ఆ పెన్సిలు కొలతలు చూశాను, "చిం అర". అర సోల కొత్త చింతపండు అయ్యుంటుంది. నేను వేసింది పాతది, అదీ తక్కువే. ఇంకోసారి పెట్టేంత ఓపిక ఈ ఏడాదికి లేదు.

మొదటి జాడీ పారెయ్యలేదు. అందులోనే ఉప్పులేని పండుమిరప ముద్ద, చింతపండు కలిపి సరిచేస్తున్నాను. ఇప్పుడు మూడు కిలోల పచ్చడుంది ఇంట్లో, కావలసినవాళ్లు రావొచ్చు.

మార్చి 9

ఒప్పుకుంటున్నాను, వరసంతా వదిలేసి 1995 కోసమే మూడో ముద్ద తీశాను. ఆగస్టు 24, గుంటూరు ముద్ర. ఇన్లాండ్. రెక్క ఉంది! కానీ మొత్తం లేతనీలం.

హైదరాబాద్ నుంచి మా అబ్బాయి చెప్పాడు, రంగు ఫోటో తీసి అందులో ఎరుపు చానల్ ఒక్కటే చూడమ్మా అని. నీలం సిరా ఎర్ర వెలుతురుని మింగేస్తుంది కాబట్టి ఆ చానల్లో గీతలు నల్లగా తేలతాయట. తేలాయి. అక్షరాలు కాదు, దెయ్యాల్లా వాటి నీడలు. రెండు రాత్రులు కూర్చుంటే దొరికినవి: "చారు", "వాసన", "మనవాడు నోరెత్తడు", "పాపం", మళ్లీ "చారు". రెక్క మీద మూడు వరుసలున్నాయి, ఒక్క ముక్కా తేలలేదు. అంచున పెన్సిలుతో "ధ 2, మి 1, జీ అర".

ధనియాలు రెండు, మిరియాలు ఒకటి, జీలకర్ర అర. చారుపొడి. నా చారు గురించి ఏదో అని, పక్కనే తన కొలత రాసుకుందన్నమాట. నాకెప్పుడూ ఈ కొలత చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో నేను చారు పెట్టిన రోజున ఆవిడ మజ్జిగతో సరిపెట్టుకునేది. కడుపులో మంట అనేది.

"మనవాడు నోరెత్తడు" సంగతి మా ఆయన్ని అడిగితే నోరెత్తలేదు.

మార్చి 30

ఉగాది. చిన్నత్తయ్య వచ్చింది. పచ్చడి, బొబ్బట్లు, పులిహోర అయ్యాయి. చారు మాత్రం పెన్సిలు కొలతతో పెట్టాను, ముందుగా చెప్పలేదు. ఆవిడ రెండుసార్లు పోయించుకుంది. "బాగుంది" అంది.

తర్వాత ఆ ఇన్లాండ్, దాని ఎరుపు చానల్ ప్రింటు రెండూ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. ప్రింటు నాకిచ్చేసింది. ఇన్లాండ్ మడిచి బొడ్లో దోపుకుంది.

"చిన్నత్తయ్యా, అది ఇంకా స్కాన్ చెయ్యాలి."

"ఇది నాకు రాసిన ఉత్తరమమ్మా."

మిగతావన్నీ నా దగ్గరే ఉంచుకోమంది, ఫ్రీజర్లో ఉన్న వాటితో సహా. దీన్ని మాత్రం కొత్త పెట్టెలో పెట్టుకుంటుందట. ప్లాస్టిక్ పెట్టె, మంచం కింద కాదు, అటక మీద. జాబితాలో ఆ వరుస దగ్గర "యజమాని వద్ద" అని రాశాను.

ఏప్రిల్ 10

పోస్టుకార్డు వచ్చింది! యాభై పైసలది. మా పోస్ట్‌మాన్ ఇచ్చేటప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చాడు, తప్పకుండా చదివే ఉంటాడు. బాల్‌పెన్ను, అక్షరాలు కాస్త వణికాయి గానీ అదే రాత.

"చి.ల.సౌ. కోడలికి ఆశీస్సులు. నేను క్షేమం. మొన్న చారు బాగుందన్నాను గానీ ధనియాలు వేయించకుండా దంచావు. పచ్చివాసన వచ్చింది. మీ అత్త అప్పట్లో రాసిన వాటిలో ఇది ఒకటి. మిగతావి చెప్పను. ఉప్పు సరిపోయింది. పచ్చడి సీసా బస్సులో పంపు, నా సీసా తిప్పి పంపుతాను."

ధనియాలు వేయించాను. జవాబు రాద్దామని రెండు కార్డులు తెచ్చుకున్నాను. ఇల్లంతా వెతికినా పెన్సిలు కనిపించట్లేదు.